గ్రాఫిక్ డిజైన్‌కి నాలుగేళ్ళ కాలేజీ కావాలా, ఆరు నెలల కోర్సు చాలదా?

మీరు అడిగింది ఒకసారి నా మాటల్లో చెప్తా, కరెక్ట్‌గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. మీ తమ్ముడు ఖమ్మంలో ఇంటర్ ఎంపీసీ సెకండియర్, ఇంజనీరింగ్ వద్దు గ్రాఫిక్ డిజైన్ చదువుతా అంటున్నాడు, మీ నాన్నగారేమో "ఫ్లెక్సీలు వేసుకోడానికి డిగ్రీ ఎందుకురా" అంటున్నారు, మీకేమో అమీర్‌పేటలో ఆరు నెలల కోర్సు చేయిస్తే అయిపోతుంది కదా, అయినా ఏఐ వచ్చాక ఈ ఫీల్డ్ అసలు ఉంటుందా అని డౌటు. అంతేగా.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది తెనాలి. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో బీఎఫ్‌ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అప్లైడ్ ఆర్ట్, 2005లో చేరి 2009లో బయటికొచ్చా. చేరినప్పుడు అది జేఎన్‌టీయూ కింద ఉండేది, మేం చదువుతుండగానే 2008లో విడిపోయి జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ అయింది. తర్వాత యాడ్ ఏజెన్సీలో కొన్నేళ్ళు, ప్యాకేజింగ్‌లో కొన్నేళ్ళు, ఇప్పుడు యాప్‌లు తయారుచేసే కంపెనీలో. ఏటా ఫ్రెషర్ల పోర్ట్‌ఫోలియోలు, అంటే వాళ్ళు చేసిన పనుల ఆల్బమ్‌లు, తిరగేయడం నా డ్యూటీలో ఒక భాగం, కాబట్టి ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో కొంచెం తెలుసు.

ముందు మీ నాన్నగారి ఫ్లెక్సీ మాట. ఆయన్ని తప్పు పట్టకండి, నేను మొదలుపెట్టింది ఫ్లెక్సీ షాపులోనే. ఇంటర్ అయిపోయిన ఎండాకాలం సెలవుల్లో మా ఊళ్ళో ఒక షాపులో కూర్చున్నా, కోరల్ డ్రా, అను ఫాంట్లు, పొద్దున్నించి రాత్రి దాకా మనుషుల తలలు కట్ చేయడమే పని. లీడర్ పుట్టినరోజు వస్తే పన్నెండు బై ఎనిమిది ఫ్లెక్సీ మీద ముప్పై తలకాయలు. ఎవరి ఫోటో ఎవరికంటే అరంగుళం పెద్దది ఉండాలి, ఎవరి పక్కన ఎవరు ఉండకూడదు, ఎవరి పేరుకి ముందు "గౌరవనీయులు" పెట్టాలి, వీటిలో ఒక్కటి తేడా వచ్చినా రాత్రి పదింటికి షాపు ముందుకి బండి వేసుకొచ్చి నిలబడేవాళ్ళు. తర్వాత కాలేజీలో సారు విజువల్ హైరార్కీ, అంటే కంటికి ఏది ముందు పడాలి ఏది తర్వాత అని, క్లాసు తీసుకుంటే నాకు నవ్వొచ్చింది, ఇది నాకు వార్డు మెంబర్లు ముందే నేర్పేశారు కదా అని. ఆ పనిని నేను చిన్నచూపు చూడను. కానీ ఆ షాపులో నాకు పని నేర్పిన అన్న ఇప్పటికీ అదే కుర్చీలో ఉన్నాడు, చెయ్యి నాకంటే స్పీడు, జీతం మాత్రం అక్కడక్కడే. ఆయనకి సాఫ్ట్‌వేర్ నాకంటే ఎక్కువ వచ్చు. తేడా ఇంకెక్కడో ఉంది, అది చెప్దామనే ఇంత రాస్తున్నా.

ఆరు నెలల కోర్సులో ఫోటోషాప్, ఇల్లస్ట్రేటర్, కోరల్, ఇన్‌డిజైన్, కొంచెం ప్రీమియర్ నేర్పుతారు. ఏ టూల్ ఎక్కడుందో తెలుస్తుంది, అది కూడా కావాలి, కాదనను. అయితే నిజం చెప్పాలంటే ఆ బటన్లన్నీ మీ తమ్ముడు ఇంట్లో కూర్చుని యూట్యూబ్‌లో రెండు నెలల్లో నేర్చుకోగలడు. కాలేజీలో దొరికేది వేరే, నువ్వు చేసింది గోడకి పిన్ చేసి పాతిక మంది ముందు నిలబెట్టి, ఇది ఎందుకు ఇక్కడ పెట్టావ్, ఈ ఎరుపు ఎందుకు, దీన్ని తీసేస్తే ఏం పోతుంది అని అడుగుతారు చూడండి, దాన్నే డిజైన్ స్కూళ్ళలో జ్యూరీ అంటారు. నాలుగేళ్ళు ఫీజు కట్టేది దానికే. మొదటి సెమిస్టర్లో ఏడుపొస్తుంది, మూడో ఏడాదికి అడగాల్సిన ప్రశ్నలు నీకు నువ్వే వేసుకుంటావు. ఫ్లెక్సీ షాపు అన్నని ఎవరూ ఆ ప్రశ్నలు అడగలేదు. "అర్జెంట్, పది నిమిషాల్లో కావాలి" తప్ప ఇంకో మాట ఆయన వినలేదు.

ఒక్క క్లాసు సంగతి చెప్తా. ఫస్టియర్లో లెటరింగ్. డ్రాయింగ్ షీట్ మీద తెలుగు 'అ' ఒక్కటే, జానెడు సైజులో, పెన్సిల్‌తో గీసి పోస్టర్ కలర్ నింపాలి, కంప్యూటర్ ముట్టుకోకూడదు. నేను ఫ్లెక్సీ షాపు నుంచి వచ్చినవాణ్ణి కదా, ఇదో పనా అనుకుని గంటలో ఇచ్చేశా. సారు ఏమీ మాట్లాడకుండా షీటు తలకిందులు చేసి గోడకి పెట్టారు. తిప్పి చూస్తే అది అక్షరంలా కనపడదు, ఉత్త ఆకారం, అప్పుడు తెలిసింది ఒకవైపు వంపు బొద్దుగా లావుగా ఉంది, రెండోవైపు ఆకలితో ఉన్నట్టు సన్నబడిపోయింది, లోపలి ఖాళీ ఒక పక్కకి ఒరిగిపోయింది. ఇరవై రెండు షీట్లు గీశా ఆ ఒక్క 'అ' కోసం. పదహారేళ్ళ సర్వీసు తర్వాత కూడా లోగో చూడమని ఎవరైనా పంపితే ముందు ఫోన్ తలకిందులు చేసి చూస్తా, మా ఆఫీసులో పిల్లలు నవ్వుకుంటారు.

తెలుగు అక్షరాల విషయం వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతా, ఎందుకంటే మన పిల్లలు పట్టించుకోనిది ఇదే, మార్కెట్లో మనుషులు దొరకనిదీ ఇదే. ఇంగ్లీషు లేఅవుట్ బాగా చేసేవాళ్ళు దేశమంతా ఉన్నారు. 'స్త్రీ', 'రాష్ట్రీయ' లాంటి మాట తీసుకోండి, పైన గుడి దీర్ఘం ఉంటుంది, కింద వత్తు మీద వత్తు ఉంటుంది, ఇంగ్లీషుకి పెట్టినంత లైన్ గ్యాప్ పెడితే పై లైను వత్తు వచ్చి కింది లైను గుడి మీద కూర్చుంటుంది. యాప్‌లో ఇంగ్లీషు బటన్ కొలతల్లోనే తెలుగు పెడితే వత్తులు సగానికి తెగిపోయి కనిపిస్తాయి, మీ ఫోన్‌లో ఏదో ఒక యాప్ తెలుగులోకి మార్చి చూడండి, ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. పైగా మన మాటలు పొడుగు, ఇంగ్లీషులో ఒక చిన్న మాట ఉన్నచోట మనకి రెండు పడతాయి.

ఫాంట్లకి కొరత అని ఒకప్పుడు అనేవాళ్ళం, ఇప్పుడు ఆ సాకు లేదు. మండలి, మల్లన్న, రామభద్ర, గిడుగు, సురవరం, తెనాలి రామకృష్ణ ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీ, ఏక్ టైప్ అనే ఫాంట్లు చేసే సంస్థ వాళ్ళ బలూ తమ్ముడు, అనేక్ తెలుగు కూడా ఫ్రీనే. ఏది ఎక్కడ వాడాలో తెలిసినవాళ్ళే తక్కువ. పెళ్ళిపత్రికకీ, పచ్చడి సీసాకీ, బ్యాంకు యాప్‌కీ ఒకే ఫాంటు వాడేస్తారు.

నా చేతకానితనం ఒకటి చెప్తా, సిగ్గుపడకుండా. అప్పటికి నేను ప్యాకేజింగ్‌లో కొత్త. ఒక చిన్న పచ్చళ్ళ వాళ్ళకి లేబుల్ చేశా, మామిడిపండు రంగు బ్యాక్‌గ్రౌండ్, పైన పెద్దగా 'నిమ్మకాయ పచ్చడి' అని. నా సిస్టంలో అద్భుతంగా ఉంది. ప్రెస్సుకి ఓపెన్ ఫైల్ పంపా, అక్షరాల్ని కర్వ్స్ చేయకుండా. కర్వ్స్ చేయడమంటే అక్షరాన్ని ఇక ఫాంటుతో పని లేకుండా ఉత్త గీతగా మార్చేయడం, ఫ్లెక్సీ షాపులో రోజుకి ఇరవై సార్లు చేసినవాణ్ణే, ఆ రోజు మర్చిపోయా. వాళ్ళ సిస్టంలో సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్, అందులో భారతీయ లిపులకి కావాల్సిన సెట్టింగ్ లేదు, వత్తులన్నీ విడిపోయి 'నిమ్‌మకాయ పచ్‌చడి' అయి కూర్చుంది. అక్కడ మెషీన్ మీదున్న కుర్రాడికి తెలుగు చదవడం రాదు. పది వేల స్టిక్కర్లు. ఓనరమ్మ ఫోన్ చేసి తిట్టలేదు, "బాబూ, ఇది మన తెలుగేనా" అని అడిగింది, తిట్టినా బాగుండేది. సగం డబ్బులు నేనే పెట్టుకున్నా. ఇది సాఫ్ట్‌వేర్ రాక జరిగింది కాదు, ఫైలు నా చేతిలోంచి వెళ్ళాక ఏమేం జరుగుతాయో ఊహించకపోవడం వల్ల జరిగింది. ఆ తర్వాత ప్రెస్సులోనే కూర్చుని మొదటి షీటు చూసి సంతకం పెట్టి గానీ రావట్లేదు.

ఆ లేబుల్ మీద అందంతో పాటు చట్టం కూడా ఉంటుంది, ఇది కాలేజీలో సరిగ్గా చెప్పరు. ఎమ్మార్పీ, నికర బరువు, తయారీ తేదీ, కస్టమర్ కేర్ వివరాలు, పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు, శాకాహారమైతే చదరంలో పచ్చ చుక్క, మాంసాహారమైతే చదరంలో గోధుమరంగు త్రిభుజం, కొన్నిటికి అక్షరం ఎత్తు కనీసం ఇన్ని మిల్లీమీటర్లు ఉండాలని కూడా రూల్. వీటన్నిటికీ చోటు పెట్టి ఇంకా అందంగా ఉండాలి. ఇది వచ్చినవాడికి పని అడుక్కునే అవసరం రాదు, మన దగ్గర పచ్చళ్ళు, పొడులు, స్వీట్లు, నూనెలు, పాల కంపెనీలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు.

సరే కాలేజీల సంగతి. రెండు దారులు, బీఎఫ్‌ఏ, బీడిజైన్, రెండూ నాలుగేళ్ళే. బీఎఫ్‌ఏ అంటే చెయ్యి మీద ఎక్కువ పని, డ్రాయింగ్, లెటరింగ్, ఇల్లస్ట్రేషన్, ప్రింట్. మాసబ్ ట్యాంక్‌కి ఎంట్రన్స్ పేరు ఫాడీ, మెమరీ డ్రాయింగ్, కలర్ అండ్ డిజైన్, ఒక ఆబ్జెక్టివ్ పేపరు ఉంటాయి. వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంట్ ఉంది, కడపలో 2020లో ప్రత్యేకంగా ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పెట్టారు. బీడిజైన్ అంటే ఆలోచన, రీసెర్చ్, యూజర్లతో మాట్లాడటం ఎక్కువ. ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్‌లో కమ్యూనికేషన్ డిజైన్ ఉంది, మొదట్లో నాగార్జున యూనివర్సిటీ క్యాంపస్‌లో నడిచింది. వాళ్ళది డాట్ అనే పరీక్ష, ప్రిలిమ్స్, మెయిన్స్. ఐఐటీ హైదరాబాద్‌లో కూడా బీడిజైన్ ఉంది, దానికి యూసీడ్ రాయాలి, ఐఐటీ బాంబే పెడుతుంది, మామూలుగా జనవరిలో ఉంటుంది, వరసగా రెండేళ్ళు మాత్రమే ఛాన్సు. జేఈఈ అక్కర్లేదు ఇందులోకి, ఐఐటీ అనే మాట వినగానే మీ నాన్నగారి ముఖం కొంచెం మారొచ్చు, ఆ ముక్క వాడుకోండి. మాదాపూర్ నిఫ్ట్‌లో, అంటే ఫ్యాషన్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్‌లో, ఫ్యాషన్ కమ్యూనికేషన్ అని ఉంటుంది, పేరు చూసి బట్టలు కుట్టడం అనుకుంటారు, అందులో గ్రాఫిక్స్, ఫోటోగ్రఫీ, డిస్‌ప్లే చాలా ఉంటాయి.

వీటిలో సీట్లు తక్కువ, అందుకని ప్రైవేట్ కాలేజీల వైపు చూస్తారు, ఏడాదికి మూడు నాలుగు లక్షలు అడిగేవి ఉన్నాయి. మంచివీ ఉన్నాయి, కానీ బ్రోచర్ చూసి మాత్రం కట్టొద్దు. నేనైతే ఒకే పని చేస్తా, ఫైనలియర్ పిల్లల డిస్‌ప్లే ఎప్పుడో కనుక్కుని వెళ్ళి గోడలు చూస్తా. అందరి పనీ ఒకేలా ఉంటే, అన్నీ నెట్‌లో దొరికే రెడీమేడ్ మాకప్ (నమూనా ఫోటో) కప్పుల మీద అతికించిన లోగోలే అయితే, వెనక్కి వచ్చేస్తా. ప్రింట్ ల్యాబ్ తాళం వేసి ఉందా, దుమ్ము పట్టిందా చూడండి. పాఠం చెప్పేవాళ్ళు ఎప్పుడైనా క్లయింటుకి పని చేశారా అడగండి. మా కజిన్ ఒకడు ఒక కాలేజీలో చేరితే నాలుగేళ్ళలో ముగ్గురు హెచ్ఓడీలు మారారు, వాడు నేర్చుకున్నదంతా హాస్టల్లో రూమ్మేట్ దగ్గర.

ఇంట్లో పరిస్థితి నాలుగేళ్ళకి ఒప్పుకోకపోతే ఆరు నెలల కోర్సు పాపమేం కాదు. కోర్సు చేసి, చిన్న ప్రెస్సులో చేరి, పక్కన మామూలు డిగ్రీ చేసుకుంటూ పైకొచ్చినవాళ్ళు నా టీమ్‌లోనే ఇద్దరున్నారు. కాకపోతే వాళ్ళకి ఆ గోడ ముందు నిలబెట్టి అడిగేవాళ్ళని వాళ్ళే వెతుక్కోవాల్సి వచ్చింది, అందుకే ఎక్కువ టైమ్ పట్టింది.

ఉద్యోగాలంటే, లిస్టు రాయడం కన్నా మా బ్యాచ్ వాళ్ళు ఏమయ్యారో చెప్పడం మేలు. ఒకడు న్యూస్‌పేపర్లో పేజీలు పెడుతున్నాడు, సాయంత్రం నాలుగుకి మొదలై అర్ధరాత్రి దాకా, ఎలక్షన్ రిజల్ట్స్ రోజు వాడి ఫోన్ కలవదు. ఒకమ్మాయి టీవీ ఛానల్లో మోషన్ గ్రాఫిక్స్, అంటే కదిలే అక్షరాలు బొమ్మలు, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే సాఫ్ట్‌వేర్ మీదే బతుకు. ఇద్దరు యూఐ యూఎక్స్, అంటే యాప్‌ల స్క్రీన్లు డిజైన్ చేసే వైపు వెళ్ళారు, డబ్బులు అందరికంటే వాళ్ళకే బాగున్నాయి, ఒకడు డల్లాస్‌లో ఉన్నాడు. ఒకడు గవర్నమెంట్ స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు, మా అందరికంటే ప్రశాంతంగా ఉన్నది వాడే. ఒకమ్మాయి చీరల మీద ప్రింటింగ్ బిజినెస్ పెట్టింది. ఒకడు ఫీల్డే వదిలేసి రియల్ ఎస్టేట్.

ఇంకొకడు సినిమా పబ్లిసిటీ. ఇది అందరికీ మోజు, మీ తమ్ముడికీ ఉండే ఉంటుంది. ఈశ్వర్ గారి తరం చేత్తో వేసిన పోస్టర్లు చూసి పెరిగినవాళ్ళం మేము, ఇప్పుడు ఫస్ట్ లుక్, మోషన్ పోస్టర్, లిరికల్ వీడియో, పండగ పోస్టర్, ఒక్క సినిమాకే లెక్కలేనన్ని. సినిమా టైటిల్ ఒక్కటే అరవై రకాలు రాసి చూపిస్తాడు వాడు, చివరికి మొదటిదే ఓకే అవుతుంది. రాత్రి రెండింటికి ఫోన్, పొద్దున్న తొమ్మిదింటికి రిలీజ్. పేరు వస్తే బాగా వస్తుంది. పేమెంటు మాత్రం సినిమా ఆడితే ఒక మాట, ఆడకపోతే ఇంకో మాట. పెళ్ళయ్యాక వాడు సగం పని తగ్గించుకున్నాడు.

డబ్బుల గురించి సూటిగా అడిగారు. 2009లో నా మొదటి జీతం 7,500. మా ఇంజనీరింగ్ ఫ్రెండ్సుకి అప్పటికే అంతకు మూడింతలు. ఈ ఫీల్డ్‌లో మొదటి మూడేళ్ళు ఇంజనీర్ అన్నయ్యలతో పోల్చుకుంటే మనసు పాడవుతుంది, ఆరేడేళ్ళ తర్వాత తేడా డిగ్రీని బట్టి కాదు, పోర్ట్‌ఫోలియోని బట్టి వస్తుంది. ఏజెన్సీలో మొదట జీతం తక్కువ, నేర్చుకునేది ఎక్కువ. ప్రొడక్ట్ కంపెనీలో జీతం ఎక్కువ, ఒకే స్క్రీన్ మీద మూడు నెలలు కూర్చోవడానికి ఓపిక కావాలి. ఫ్రీలాన్స్ చేస్తే సగం అడ్వాన్స్ తీసుకోకుండా ఫైలు తెరవొద్దని వాడికి ఇప్పుడే చెప్పండి, ముఖ్యంగా చుట్టాల దగ్గర. "మన వాడివే కదా, చిన్న లోగో" అనే మాట మొదలైతే ఆ లోగోకి పద్దెనిమిది కరెక్షన్లు ఉంటాయి, పైసా ఉండదు, ఆఖర్న వాళ్ళ అబ్బాయి కాన్వాలో ఇంకోటి చేసుకుంటాడు.

ఏఐ. భయం అబద్ధం కాదు. "ఉగాది శుభాకాంక్షలు" పోస్టర్లు, బ్యాక్‌గ్రౌండ్ తీసేయడం, ఒకే యాడ్‌ని ఇరవై సైజుల్లో మార్చడం, మేం ఫ్రెషర్లకి ఇచ్చి నేర్పించే పనులు ఇవే, ఇవే ముందు పోతున్నాయి. అంటే మొదటి మెట్టు విరిగింది, ఇది నిజమైన సమస్య, దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. మా టీమ్‌లో ఏమవుతోందో చెప్తా. నిన్నటి దాకా ఒక ఐడియాకి మూడు స్కెచ్‌లు తెచ్చే కుర్రాడు ఇవాళ ముప్పై ఇమేజ్‌లు తెస్తున్నాడు. ఇందులో ఏది, ఎందుకు అంటే నోరు పెగలదు. ఎన్నుకోవడం వచ్చినవాళ్ళు ఆ ముప్పైలో ఒకటి తీసుకుని దాన్ని సరిచేసి గంటలో ఇచ్చేస్తున్నారు. తెలుగు అక్షరాలు ఈ ఇమేజ్ టూల్స్ ఇప్పటికీ చాలాసార్లు తప్పుల తడకగా వేస్తున్నాయి, రేపెల్లుండి అది కూడా బాగుపడొచ్చు, దాని మీద జీవితం కట్టుకోమని చెప్పను. 'నిమ్‌మకాయ' చూసి ఇది తప్పు అని గుర్తుపట్టే మనిషి మాత్రం ఎవరో ఒకరు ఉండాలి కదా.

మీ నాన్నగారికి నేనైతే మా నాన్నకి చెప్పినట్టే చెప్తా. బాపు గారు లా పట్టా తీసుకుని కూడా ఆ దారిలో వెళ్ళలేదు, బొమ్మలే వేశారు, ఆయన చేతిరాత ఇవాళ ఫాంటు అయి పెళ్ళి శుభలేఖల మీద ఉంది అన్నా. మా నాన్న "నువ్వు బాపువా" అన్నారు. కాదన్నా. "మరి" అన్నారు. ఒక్క ఏడాది టైమ్ ఇవ్వండి, ఎంట్రన్స్ రాకపోతే బీకాం అన్నా. మీ తమ్ముడి దగ్గర కూడా అలాంటి బేరం ఒకటి ఉండాలి, యూసీడ్, డాట్, ఫాడీ మూడూ రాస్తాడు, ఏదీ రాకపోతే ఏం చేస్తాడు అని వాడే చెప్పాలి, మీరు వాడి తరఫున మాట్లాడితే కుదరదు.

ఈలోపు కోచింగ్‌కి వేలు పోయకండి, ఇంకా టైముంది. రోజుకి ఒక గంట, కంప్యూటర్ కాకుండా కాగితం మీద, ఇంట్లో కుక్కరు, ఖమ్మం బస్టాండులో జనం, అమ్మ కూరగాయలు తరుగుతుంటే చేతులు, ఇలా చూసి గీయమనండి. ఎంట్రన్సుల్లో డ్రాయింగ్ భాగంలో అడిగేవి దాదాపు ఇలాంటివే. వాడి ఫిజిక్స్ నోట్సు చివరి పేజీల్లో కచ్చితంగా ఏవో బొమ్మలు, హీరోల పేర్లు రాసి ఉంటాయి, వాడికి చెప్పకుండా ఒక నాలుగు పేజీలు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి నాకేమనిపించిందో రాస్తా.